మీ ముత్తాతగారి మంగలికత్తి వయసు ఎంత? మెడ మీది ముద్రలను బట్టి తేల్చే పద్ధతి

నమస్కారం. జమ్మికుంట నుంచి మీరు పంపిన నాలుగు ఫోటోలనూ పెద్దవి చేసుకుని చూశాను. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత ఇల్లు విప్పుతుండగా అటక మీది ట్రంకుపెట్టెలో మీ ముత్తాతగారి మడత మంగలికత్తి దొరికింది. దాని మీద జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ అన్న పేరు, ఒక నక్షత్రం, ఒక శిలువ ఉన్నాయి. ఆ గుర్తు 1682 నాటిదని ఎక్కడో చదివి, కత్తికి మూడు వందల నలభై ఏళ్లు ఉంటాయా అని అడుగుతున్నారు. రైలు పట్టాలు వేసే రోజుల్లో ఒక తెల్లదొర దాన్ని మీ ముత్తాతగారికి ఇచ్చి వెళ్లాడని మీ నాయనమ్మ చెప్పేదని, పిడి ఏనుగు దంతమని ఇంట్లో అందరి నమ్మకమని కూడా రాశారు.

ముందు జవాబు చెబుతాను. మీ కత్తి ఇంగ్లండులోని షెఫీల్డులో సుమారు 1890కీ 1905కీ నడుమ తయారైనది; అందులోనూ 1891–1901 నడుమదని చెప్పడానికే ఆధారాలు ఎక్కువ. అంటే దానికి నూట ఇరవై ఏళ్లు దాటాయి. మూడు వందల నలభై మాత్రం కాదు. మీ నాయనమ్మ చెప్పిన కథను నేను కొట్టివేయడం లేదు. ఆ కథ కత్తి పుట్టిన కాలాన్ని కాక, అది మీ ఇంటికి వచ్చిన కాలాన్ని చెబుతున్నదని నా అభిప్రాయం. ఈ రెండింటికీ నడుమ ఇరవై ముప్పై ఏళ్ల తేడా ఉన్నట్టు కనిపిస్తున్నది. పిడి సంగతి వేరుగా చూడాలి.

నేను హన్మకొండలో ఉంటాను. మా తాత మట్టెవాడలో కత్తులు, కత్తెరలు సానపట్టేవారు. ఊళ్ల నుంచి నాయీబ్రాహ్మణులు తమ పొదిలోని కత్తులన్నీ మూట కట్టుకుని తెచ్చి, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, పదును చూసుకుని తీసుకువెళ్లేవారు. నలభై ఏళ్లుగా నేను పాత మంగలికత్తులను బాగుచేస్తున్నాను, దాచుతున్నాను, ఎవరైనా తెస్తే వాటి కాలం తేల్చి చెబుతున్నాను. కత్తి చేతికి రాగానే అందరూ అలుగు (పదునుండే ఉక్కు భాగం) వైపు చూస్తారు. మా తాత మాత్రం "మొగం సూడకు బిడ్డా, మెడ సూడు" అనేవారు. అలుగు ముగిసి తోక మొదలయ్యే మధ్యలో, పిడికి మేకు దిగే చోటుకు కాస్త ముందు ఉండే మందపాటి భాగాన్ని ఆయన మెడ అనేవారు. తయారుచేసినవాడి ముద్ర పడేది అక్కడే. అలుగు సానకు అరుగుతుంది, పిడి పగిలితే మారుతుంది, మెడకు మాత్రం సానరాయి తగలదు.

అయితే ముద్రను చదవడం ఒకటి, దాని నుంచి కాలాన్ని తీయడం మరొకటి. మీరు పొరబడింది ఈ రెండో చోట. ఖిలా వరంగల్‌లో ఒక ఇంటి గోడలో కాకతీయుల కాలపు చెక్కడపు రాయి కనిపించినంత మాత్రాన ఆ గోడను కాకతీయులు కట్టారని మనం అనుకోము. ఆ గోడలో ఉన్నవాటన్నింటిలోకి ఏది కొత్తదో చూసి, గోడ అంతకంటే ముందుది కాదని చెబుతాం. కత్తి విషయంలోనూ అంతే. ప్రతి గుర్తూ "ఇంతకు ముందుది కాదు" అని చెబుతుంది. "ఇంత తర్వాతిది కాదు" అని చెప్పే గుర్తులు చాలా తక్కువ. అందుకే అన్నింటికంటే పాత గుర్తును పట్టుకుని వేలాడకుండా, అన్నింటికంటే కొత్త గుర్తు ఏదో వెతకాలి.

నక్షత్రం, మాల్టా శిలువ కలిసిన ఆ గుర్తు 1682 నాటిదని రాడ్జర్స్ సంస్థే చెప్పుకున్నది. కానీ అది ఆ ఇంటిపేరు వంటిది. తరతరాలుగా ఆ సంస్థ చేసిన ప్రతి కత్తి మీదా, ప్రతి చాకు మీదా అదే ముద్ర వేశారు. జర్మనీలోని జోలింగెన్‌లో హెంకెల్స్ సంస్థ కవల బొమ్మల గుర్తును 1731లో నమోదు చేయించింది. నేటికీ ఆ గుర్తుతోనే వంటింటి కత్తులు అమ్ముతున్నది. కరీంనగర్ నుంచి ఒకాయన ఆ కవలల గుర్తున్న కత్తిని పట్టుచీర ముక్కలో చుట్టి నా దగ్గరికి తెచ్చి, దాని కింద 1731 అని చెక్కి ఉందని, ఎంతకు అమ్మవచ్చో చెప్పమని అడిగారు. ఆ కత్తి మెడ వెనుక పక్క పశ్చిమ జర్మనీ అని స్పష్టంగా ఉంది. పశ్చిమ జర్మనీ అనే దేశం 1949లో ఏర్పడి 1990లో కలిసిపోయింది కాబట్టి, ఆ కత్తి వయసు ఆయన వయసుకు అటు ఇటుగా ఉంటుంది. ఆయన ముఖం చిన్నబోయింది గానీ, ఆ కత్తి ఉక్కు చాలా మంచిది; అమ్మకుండా వాడుకోమని చెప్పి పంపాను.

ఇక మీ కత్తి మెడకు వద్దాం. మొదటి ఫోటోలో కిరీటం, దానికి ఒక పక్క వి అక్షరం, మరొక పక్క ఆర్ అక్షరం ఉన్నాయి. అది విక్టోరియా రాణి ముద్ర. ఆమె 1837లో గద్దెనెక్కి 1901 జనవరిలో కన్నుమూశారు. కింద రాడ్జర్స్ పేరు, ఆ తర్వాత "కట్లర్స్ టు హర్ మెజెస్టీ" అన్న మాటలు ఉన్నాయి. అంటే రాణిగారికి కత్తులు చేసి ఇచ్చేవారమని. ఈ ముద్రతో కత్తి 1837కు ముందుది కాదని తేలిపోయింది. మీరు అనుకున్న వయసులో సగం ఇక్కడే తగ్గింది.

రెండో ఫోటోయే నాకు అసలు ఆధారం. మెడకు వెనుక పక్క షెఫీల్డ్ అన్న పేరు కింద ఇంగ్లాండ్ అన్న మాట ఉన్నది. మీరు దాన్ని పట్టించుకోలేదు, ఎవరూ పట్టించుకోరు. కానీ పాత కత్తుల కాలం తేల్చడంలో ఊరి పేరు కంటే దేశం పేరుకు విలువ ఎక్కువ. షెఫీల్డ్ వాళ్లకు తమ ఊరి పేరు చాలు. ప్రపంచమంతా దాన్ని ఎరుగును. దేశం పేరు వేయవలసిన అవసరం చట్టాల వల్ల వచ్చింది. చౌక జర్మనీ సరుకు షెఫీల్డ్ పేరుతో అమ్ముడుపోతున్నదన్న గోలతో 1887లో బ్రిటన్ సరుకుల ముద్రల చట్టం తెచ్చింది; అప్పటినుంచే జర్మనీ సరుకు మీద జర్మనీ అని వేయడం మొదలైంది. బ్రిటిష్ ఇండియాలోనూ 1889లో అటువంటి చట్టమే వచ్చింది. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, 1891 మార్చి నుంచి అక్కడికి దిగుమతయ్యే వస్తువు మీద పుట్టిన దేశం పేరు ఉండి తీరాలి. షెఫీల్డుకు అమెరికా పెద్ద గిరాకీ. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క అచ్చు పెట్టుకోవడం కంటే అందరికీ ఒకే అచ్చు వాడడం తేలిక కాబట్టి, మన దేశానికి వచ్చిన కత్తుల మీదా ఆ మాట పడింది. ఇంగ్లాండ్ అన్న మాట ఉంటే 1891 తర్వాతిదని, విక్టోరియా ముద్ర ఉంటే 1901కి ముందుదని, రెండూ ఒకే మెడ మీద ఉంటే ఆ పదేళ్ల నడుమదని లెక్క తేలుతుంది.

ఈ లెక్కలో రెండు బలహీనతలు ఉన్నాయి, వాటిని మీ నుంచి దాచను. కొందరు షెఫీల్డ్ వాళ్లు 1891కి ముందు కూడా తమ ఇష్టం కొద్దీ ఇంగ్లాండ్ అని వేశారు. అందుకే నేను 1891 అని గిరి గీయకుండా సుమారు 1890 అన్నాను. రెండో సంగతి, రాణి చనిపోయిన మర్నాడే ఎవరూ పాత అచ్చులను కొలిమిలో పారేయరు. గోదాములో ముద్ర పడి సిద్ధంగా ఉన్న అలుగులకు ఆ తర్వాత పిడి వేసి అమ్మడమూ జరుగుతుంది. అందుకే అటువైపు 1905 దాకా గడువు ఇచ్చాను. దీనికి విరుద్ధంగా, దేశం పేరు లేనంత మాత్రాన కత్తి 1891కి ముందుదని అనుకోవడం కూడా తప్పే. అమెరికాకు వెళ్లని సరుకు మీద ఆ మాట లేకపోవచ్చు. ఉన్న గుర్తు మాట్లాడుతుంది. లేని గుర్తు చేత మాట్లాడించకూడదు.

రాజుల ముద్రల విషయంలో మరొక చిక్కు ఉన్నది. మీ కత్తికి వర్తించకపోయినా, ఇది చదివే మరొకరికి పనికి వస్తుంది. కిరీటానికి అటు ఇటు జి, ఆర్ అక్షరాలున్న కత్తి దొరికితే అందరూ మన తాతల కాలంలోని జార్జి చక్రవర్తి అనుకుంటారు. ఆ అక్షరాలు ఐదో జార్జివీ, ఆరో జార్జివీ కావచ్చు. అప్పుడు కత్తి 1910–1952 నడుమది. మూడో జార్జివీ, నాలుగో జార్జివీ కూడా కావచ్చు. అప్పుడు అది 1830కి ముందుది. అంటే ఒకే రెండు అక్షరాల మధ్య కనీసం ఎనభై ఏళ్ల తేడా వస్తున్నది. అటువంటప్పుడు ముద్రను పక్కన పెట్టి కత్తి ఆకారాన్ని అడగాలి. వి, ఆర్ అక్షరాలు విక్టోరియావి మాత్రమే కానీ, అవి చెరిగిపోయి "హర్ మెజెస్టీ" అన్న మాట ఒక్కటే మిగిలి ఉంటే, అది 1952లో వచ్చిన రెండో ఎలిజబెత్ కూడా కావచ్చునని గుర్తుంచుకోవాలి.

ఆకారం చెప్పే సాక్ష్యం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ముద్ర పూర్తిగా తుప్పు తినేసిన కత్తులకు ఇదే దిక్కు.

మొదట తోక చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు కత్తులకు తోక ఉండదు, ఉన్నా మొండిగా, గోరంత ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం మొదటి పాతికేళ్లలో తోక సాగి, చిటికెన వేలు ఆనించుకునేంత పొడవై, పైకి వంపు తిరిగింది. ఆ తర్వాత అది పోలేదు. మీ కత్తి తోక నిండు పొడవుతో ఉన్నది.

తర్వాత అలుగును ముక్కు వైపు నుంచి, అంటే చివర నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. పాత కత్తుల అలుగు అడ్డకోత కట్టెలు చీల్చే మేకులా ఉంటుంది. వీపు మందంగా మొదలై వాదర (పదునైన అంచు) దాకా తిన్నగా సన్నబడుతుంది. కాలం గడిచేకొద్దీ రెండు చెంపలనూ గుండ్రటి సానచక్రం మీద లోపలికి పల్లంగా తీయడం మొదలైంది. మొదట కొద్దిపాటి పల్లం, ఆ తర్వాత లోతు. కాగితమంత పల్చగా, లోపలికి పూర్తిగా తోడిన అలుగులు 1880ల నుంచి జోలింగెన్ పనివాళ్ల చేతుల మీదుగా ఎక్కువగా బయటికి వచ్చాయి. షెఫీల్డ్ కూడా ఆ దారి పట్టక తప్పలేదు. దీనికి మా తాత ఒక పరీక్ష చేసేవారు. కత్తిని తెరిచి, పిడిని వదులుగా పట్టుకుని, బొటనవేలి గోటితో అలుగు చెంప మీద మెల్లగా మీటేవారు. మేకు వంటి పాత అలుగు రాయిలా ముక్కుతుంది. పల్లం తీసిన అలుగు గిన్నె అంచును మీటినట్టు టింగుమని, ఆ మోత కాసేపు నిలుస్తుంది. వాదరకు వేలు తగలకుండా మీరూ చేసి చూడండి. మీ మూడో ఫోటోలో వీపు కింద నీడ పడిన తీరును బట్టి మీ అలుగు నిండుగా కాకపోయినా బాగానే పల్లం తీసినదని తెలుస్తున్నది. ఇది విక్టోరియా పాలన చివరి కాలానికి సరిగ్గా సరిపోతుంది.

అలుగు వెడల్పును మాత్రం అంతగా నమ్మవద్దు. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. మీది ఐదు వంతులకు కాస్త తక్కువగా ఉన్నట్టున్నది. పుట్టినప్పుడు అది ఆరు వంతులు ఉండి ఉండవచ్చు. వీపు రెండు అంచుల వెంట తళతళలాడే చదును గీతలు మీకు కనిపిస్తాయి. సానరాయి మీద ఏళ్ల తరబడి రుద్దిన గుర్తులు అవి. ఆ గీతలు ఎంత వెడల్పుగా ఉంటే కత్తి అంతగా అరిగినట్టు. పరకాల నుంచి వచ్చిన ఒక కత్తి అరిగి అరిగి పెన్సిలంత అయింది. దాని యజమాని అది పిల్లల కోసం చేసిన చిన్న కత్తి అనుకుని నలభై ఏళ్లు దాచారు. అది ఊరంతటికీ క్షవరం చేసిన కత్తి.

ఉక్కు గురించి రాసిన మాటలు కూడా కొన్నిసార్లు కాలాన్ని చెబుతాయి. షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో మూసలో ఉక్కును కరిగించి పోతపోసే పద్ధతి కనిపెట్టాడు. కత్తుల మీద కనిపించే "కాస్ట్ స్టీల్" అన్న మాట దాని నుంచి వచ్చింది. అయితే ఆ మాటను నూరేళ్లకు పైగా వేశారు కాబట్టి అది పెద్దగా సాయపడదు. తుప్పు పట్టని ఉక్కు అయితే సాయపడుతుంది: షెఫీల్డులోనే హ్యారీ బ్రేర్లీ 1913లో దాన్ని తయారుచేశాడు కాబట్టి, "స్టెయిన్‌లెస్" అనో, జర్మన్ భాషలో "రోస్ట్‌ఫ్రై" అనో ఉన్న కత్తి ఆ సంవత్సరానికి ముందుది కాజాలదు.

"సిల్వర్ స్టీల్" అన్న మాట సంగతి వేరు. మన ప్రాంతం వాడిగా నేను దాన్ని చెప్పకుండా ఉండలేను. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మన కమ్మరులు మట్టి మూసల్లో వండిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. పర్షియా వర్తకులు ఆ ఊరికి వచ్చి దగ్గరుండి కొనుక్కుని వెళ్లేవారు. దక్షిణ భారతం నుంచి వెళ్లిన ఇటువంటి ఉక్కును ఇంగ్లండులో వూట్జ్ అనేవారు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దాన్ని మెచ్చి వాడేవాడు. దాని రహస్యం పట్టుకోవాలని స్టోడార్ట్, మైఖేల్ ఫారడే కలిసి ఉక్కులో వెండి మొదలైన లోహాలను కలిపి పరీక్షలు చేసి, 1820లోను, 1822లోను ఫలితాలు ప్రకటించారు. అవును, విద్యుత్తు మీద పని చేసిన ఆ ఫారడేయే. ఆ పేరు మోగగానే షెఫీల్డ్ వాళ్లు తమ మంగలికత్తుల మీద "సిల్వర్ స్టీల్" అని వేయడం మొదలుపెట్టారు. చాలావాటిలో వెండి అసలు ఉండదు. కానీ ఆ మాట ఉంటే కత్తి 1820కి ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. జనగామ నుంచి నాకు వచ్చిన ఒక కత్తి మీద ఆ మాటను మొదటిసారి చదివిన రోజు, కోనసముద్రం మూసల నుంచి మొదలైన ఒక తీగ లండన్ ప్రయోగశాల చుట్టూ తిరిగి మళ్లీ నా చేతికే వచ్చినట్టు అనిపించింది. ఆ కత్తిని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక పిడి. పిడి వయసును అలుగు వయసుగా ఎప్పుడూ తీసుకోవద్దు. మన ఊళ్లలో పిడి పగిలితే కత్తిని పారేసేవారు కాదు. బర్రె కొమ్మును వేడిచేసి చదును పరిచి, రెండు రేకులుగా కోసి, ఇత్తడి తీగను మేకుగా కొట్టి బిగించేవారు. మా ఇంట్లోనే ఆ పని ఎన్నోసార్లు జరిగింది. వందేళ్ల అలుగుకు నిరుటి ప్లాస్టిక్ పిడి ఉండవచ్చు.

మీ నాలుగో ఫోటోలో పిడి పాలమీగడ రంగులో ఉన్నది, దాని మీద పొడవునా సన్నటి గీతలు ఉన్నాయి. రాడ్జర్స్ సంస్థ ఏనుగు దంతం నిల్వలకు పేరుమోసినది కాబట్టి మీ ఇంటివారి నమ్మకం అసంభవమేమీ కాదు. అయినా నాకు అది సెల్యులాయిడ్ అనిపిస్తున్నది. దంతానికి పొడవు గీతలు ఉంటాయి గానీ అవి వంకరటింకరగా, ఎడం మారుతూ ఉంటాయి. అడ్డంగా కోసిన చోట గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు కనిపిస్తాయి. మీ పిడి గీతలు చారల చొక్కా మీది గీతల్లా సమానమైన ఎడంతో, తిన్నగా ఉన్నాయి. దంతాన్ని అనుకరించడానికి సెల్యులాయిడ్‌లో అలాగే పొరలు పెట్టేవారు. బొటనవేలితో పిడిని అర నిమిషం గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుపుతారు. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయవద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. సెల్యులాయిడ్ అమెరికాలో 1870 ప్రాంతంలో వచ్చింది కాబట్టి, అది కత్తితో పాటు పుట్టిన పిడే అయినా నేను చెప్పిన కాలానికి అడ్డు రాదు.

ఒకవేళ అది దంతమే అయితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుర్తుంచుకోవాలి. ఏనుగు దంతాన్ని కొనడం, అమ్మడం మన దేశంలో నేరం. ఎంత పాతదైనా సరే, అమ్మకానికి పెట్టే ఆలోచన చేయకండి.

ఇప్పుడు మీ నాయనమ్మ చెప్పిన కథ. కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడ దాకా నిజాం రైలు 1889 నాటికే వెళ్లింది. ఆ పట్టాలు వేసిన దొర ఇచ్చాడంటే కత్తి మీది ఇంగ్లాండ్ ముద్రతో పొసగదు. కానీ ఆ లైను జమ్మికుంట మీదుగా పోదు. మీ ఊరి మీదుగా పోయేది కాజీపేట–బల్లార్షా లైను. అది పూర్తయింది 1929లో. మీ ముత్తాతగారు చూసిన పట్టాల పని ఇదే అయి ఉండాలి. అప్పటికి ఈ కత్తి పాతిక ముప్పై ఏళ్లది. గిల్లెట్ బ్లేడు రేజరు 1903లో అమ్మకానికి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల చేతికి అందాక లోకమంతా వ్యాపించింది. 1920లలో ఒక ఇంజనీరు కొత్త రేజరు కొనుక్కుని, తన తండ్రిదో తనదో అయిన పాత కత్తిని రోజూ పనిచేసే మనిషికి ఇచ్చి వెళ్లడం చాలా సహజమైన సంగతి. దీనికి కాగితం సాక్ష్యం లేదు, నా ఊహ మాత్రమే. అయినా కథా ముద్రలూ ఒకదానితో ఒకటి పోట్లాడకుండా పొందిక కుదురుతున్నది. కాబట్టి మీ నాయనమ్మ మాటను ఇప్పుడే ఒక కాగితం మీద ఆమె చెప్పినట్టే రాసి కత్తితో పాటు పెట్టండి. ముద్ర చెప్పలేని సంగతిని అది చెబుతుంది.

ఇంకొక అనుమానం కూడా తీర్చాలి: ఇది అసలైన రాడ్జర్స్ కత్తేనా? ఆ పేరుకు ఉన్న గిరాకీ వల్ల నకళ్లు చాలా వచ్చాయి. పేరు మధ్యలో డి అక్షరం లేకుండా, చూడగానే అదే అనిపించేలా రాసినవి నేను చాలా చూశాను. మీ ఫోటోలో డి అక్షరం ఉన్నది, నక్షత్రమూ శిలువా రెండూ సరైన చోట ఉన్నాయి, అక్షరాలు లోతుగా, అంచులు పదునుగా దిగాయి. నకలు అనడానికి నాకు కారణమేదీ కనిపించలేదు.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట. కత్తిని ఇప్పుడే తళతళలాడించవద్దు. నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక పెద్దాయన తన తండ్రి కత్తిని బాగుచేయమని ఇచ్చారు. తుప్పు పోవాలని గరుకు కాగితంతో మెడ దాకా రుద్ది అద్దంలా చేసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మెడను అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ ఏదో రాసి ఉండె కద" అన్నారు. ఆ రాత ఏమిటో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి మెడ మీద నూనె గుడ్డ తప్ప మరేదీ పెట్టలేదు.

మీరూ అంతే చేయండి. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు మెత్తటి పాత ధోవతి గుడ్డ మీద వేసి, మెడ మీద పెట్టి ఒక పూట నాననివ్వండి, మెల్లగా తుడవండి, మర్నాడు మళ్లీ చేయండి. ఎర్రటి తుప్పు వదులుతుంది, నల్లటి మచ్చ ఉండిపోతుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి. వాదరలో చిన్న నెర్రె ఉన్నా తెలియదు కాబట్టి దానితో గడ్డం గీసుకునే ప్రయత్నం చేయకండి. తోలు సంచిలో పెట్టవద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. పిడి సెల్యులాయిడ్ అని తేలితే కత్తిని కొద్దిగా తెరిచి ఉంచి, గాలి ఆడే చోట పెట్టండి. పాతబడిన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి అలుగును తింటుంది.

నూనె పట్టించి తుడిచాక, చీకటి గదిలో కత్తిని బల్ల మీద పడుకోబెట్టి, టార్చిలైటును పక్క నుంచి బల్లకు ఆనించి వేసి, మెడ రెండు పక్కలా మరొకసారి ఫోటోలు తీయండి. వెలుతురు ఏటవాలుగా పడితే అరిగిన అక్షరాల అంచుల్లో నీడ నిలుస్తుంది, కంటికి కనిపించనిది ఫోటోలో కనిపిస్తుంది. రెండో పక్క ఇంగ్లాండ్ అన్న మాటకు ముందు చెరిగిన చోట ఇంకేవో అక్షరాలు ఉన్నట్టు నాకు అనుమానంగా ఉన్నది. అక్కడ "మేడ్ ఇన్" అని తేలితే, ఆ వాడుక ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దానిది కాబట్టి, నా లెక్క 1900 వైపుకు, అవసరమైతే దానికి కాస్త అవతలికి జరుగుతుంది. పిడి మేకు తలను కూడా దగ్గరగా ఒక ఫోటో తీసి పంపండి. మేకును ఒకసారి ఊడదీసి మళ్లీ కొట్టి ఉంటే దాని చుట్టూ సుత్తి గాట్లు ఉంటాయి, అవి కనిపిస్తే పిడి మార్చినదా కాదా చెప్పగలను.